డాన్స్ ఆపేశాక డాక్యుమెంటరీ తీయాలనుకుంటే

మోకాలి నొప్పో, ఇంటి బాధ్యతలో, ఏదో కారణంతో గజ్జెలు విప్పేసినవాళ్లు ఇప్పుడేం చేయాలని అడిగితే డాక్యుమెంటరీ తీయమనే చెప్తాను. నేనూ కూచిపూడి ఆపేసి కెమెరా పట్టుకున్నదాన్నే. న్యూయార్క్‌లో సినిమాలు తీసిన షర్లీ క్లార్క్ కూడా ముందు డాన్సరే. 1953లో తీసిన మొదటి చిన్న సినిమా డాన్స్ మీదే, తర్వాత కవి రాబర్ట్ ఫ్రాస్ట్ మీద 1963లో వచ్చిన ఆవిడ డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది.

మీరూ తెలిసిన చోటే మొదలుపెట్టండి, అంటే మీ గురువుగారి క్లాసులోనే. ఫోన్ చాలు. ట్యూబ్‌లైట్ల కింద చారలు కదులుతుంటే కెమెరా ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునేది) సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ స్పీడ్ 1/50 సెకను పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలావరకు సర్దుకుంటుంది. పాదాలు ఫ్రేములోంచి పోనివ్వకండి. అడుగుల చప్పుడు కావాలంటే మైకు నేలకి దగ్గరగా ఉండాలి. జతి అయిపోగానే కెమెరా ఆపేయకండి, ఇంకో పది సెకన్లు ఉంచండి. ఆ పిల్ల రొప్పుతూ, కొంగు బొడ్లో దోపుకుంటూ, బాగా చేశానా అన్నట్టు గురువుగారి మొహం వైపు చూస్తుంది చూడండి, మీ సినిమా అక్కడుంది.

మనకున్న పెద్ద ఇబ్బంది ఎదుటివాళ్లని సరిదిద్దే అలవాటు. మంగళగిరిలో మగ్గం నేసే ఒక పెద్దాయనతో "బాబాయ్, కాస్త ఇటు తిరిగి ఇంకోసారి చేయండి" అన్నాను. పాపం చేశారు, కానీ చేతిలో లయ పోయింది, ఆ రోజు తీసిందేదీ పనికిరాలేదు. మర్నాడు మగ్గం గుంట పక్కన నేల మీద కూర్చుని, నోరు మూసుకుని, నూలు మోసే నాడె అటూ ఇటూ వెళ్లే చప్పుడుకి మనసులో తాళం వేసుకున్నాను. గంట గడిచేసరికి ఆయన చెయ్యి ఎప్పుడు ఆగబోతోందో ముందే తెలిసిపోతోంది, కెమెరా తిప్పడానికి టైమ్ దొరుకుతోంది. ఇన్నేళ్ల సాధన మనకిచ్చింది ఇదే, దీన్ని వాడుకోండి.

ఎడిటింగ్‌లో కదలిక పూర్తయ్యాక కాదు, మధ్యలో, అడుగు ఇంకా గాల్లో ఉండగా కట్ చేసి చూడండి. రెండు షాట్లు వేర్వేరు చోట్ల తీసినవైనా ఒకే అడుగులా అతుక్కుంటాయి.

షూటింగ్‌కి ముందే అనుమతి కాగితం మీద రాయించుకోండి, పాటల హక్కులు కనుక్కోండి. మొదటి కట్ అవగానే ఫెస్టివల్‌కి పంపకుండా, ఎవరి మీద తీశారో వాళ్లింటికి వెళ్లి, వాళ్ల పక్కనే కూర్చుని చూపించండి.