హైదరాబాద్ నుంచి డాలస్‌కి వస్తున్నారా? టికెట్ కొనేముందు ఇది చదవండి

జులై వచ్చిందంటే ఇక్కడికి చదువుకోడానికి వచ్చే కుర్రాళ్ల ఫోన్లు మొదలు. "అన్నా, తెల్లవారుజామున 4:30కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతానట. పన్నెండు గంటలు కూడా లేదుగా!" కాదు తమ్ముడూ. టికెట్ మీద వేసేది ఎక్కడి టైం అక్కడిది. డాలస్ హైదరాబాద్ కంటే వేసవిలో 10:30 గంటలు వెనక, నవంబర్ నుంచి 11:30. లెక్కేస్తే ఆ ప్రయాణం 22 గంటలు. దూరం తక్కువలో తక్కువ 14,400 కిలోమీటర్లు, నేరుగా వచ్చే ఫ్లైటూ లేదు. దుబాయ్ మీదుగా వస్తే అక్కడికి నాలుగు గంటలు, ఆపైన ఒకే సీట్లో దాదాపు 16 గంటలు.

సామాను, డాలర్లు, సిమ్ గురించి అందరూ చెబుతారు, నేను చెప్పను. నా గోలంతా లేఓవర్ గురించే, అంటే ఫ్లైట్ మారేచోట మధ్యలో ఉండే టైం గురించే.

మొన్న ఒక కుర్రాడు నాలుగు డబ్బులు మిగులుతాయని, అమెరికాలో ముందు వేరే ఊళ్లో దిగి డాలస్ ఫ్లైట్ ఎక్కేలా కొన్నాడు. మధ్యలో రెండు గంటలు కూడా లేదు. పైగా రెండూ వేర్వేరు టికెట్లు! అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్. తర్వాత బెల్టు దగ్గర నిలబడి పెట్టెలు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, పెట్టెలు మళ్లీ అప్పగించాలి, మళ్లీ సెక్యూరిటీ. బరువు తగ్గుతుందని ఇతగాడు గోంగూర పచ్చడి సీసాని పెద్ద పెట్టెలోంచి చేతి సంచిలోకి మార్చాడు. అది సెక్యూరిటీలో పోయింది. గేటు దగ్గరికి పరిగెత్తేసరికి ఫ్లైటూ పోయింది, రెండో టికెట్ డబ్బులూ పోయాయి.

అందుకే అమెరికాలో మొదట డాలస్‌లోనే దిగేలా కొనండి. దుబాయ్, దోహా మీదుగా ఒకే టికెట్ మీద వస్తే పెట్టెలు మామూలుగా డాలస్‌లోనే చేతికొస్తాయి. అబుదాబీలో అయితే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే చేసేస్తారు, ఆ క్యూకి కూడా టైం చూసుకోండి. ఎలా వచ్చినా అమెరికాలో ఫ్లైట్ మారాల్సి ఉంటే మూడు గంటలకి తగ్గకూడదు. నాలుగుంటే ఇంకా మంచిది. బోరు కొడుతుందంటారా? కొట్టనివ్వండి! పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ వీసా కాగితం) చేతి సంచిలోనే ఉండాలి, ఇది కూడా చెప్పాలా?

దిగిన రోజే ఎవరైనా ఇంటి అద్దె లీజు మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. పగలు రాత్రి తలకిందులై బుర్ర పనిచేయదు. నేను వచ్చిన కొత్తలో రాత్రి మూడింటికి కళ్లు తెరుచుకుని పడుకునేవాణ్ని, మధ్యాహ్నం క్లాసులో తూగేవాణ్ని. ఆ రోజుల సంగతి తలుచుకోను కూడా.

ఇంత చెప్పానని టెన్షన్ పడకండి. ఒకే టికెట్ మీద ఉండి మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఎయిర్‌లైన్ వాళ్లే తర్వాతి దాంట్లో ఎక్కిస్తారు. కౌంటర్ దగ్గరికెళ్లి అడగండి. వైఫై దొరకగానే కొత్త ఫ్లైట్ నంబర్ వాట్సాప్‌లో పెట్టండి. అర్ధరాత్రి దిగినా వచ్చి తీసుకెళ్తాం, తిట్టుకుంటూనే అనుకోండి.