వరంగల్ ఐటీఐ నుంచి చెన్నై కార్ల లైన్ మీదికి: బయల్దేరే ముందు

చెన్నై కార్ల ఊరని పేరేగానీ, కార్లు తయారయ్యేది ఊళ్లో కాదు. హ్యుందాయ్ ఉన్న ఇరుంగాట్టుకోట్టై బెంగళూరు హైవే మీద, శ్రీపెరంబుదూర్ పక్కన. 1998లో శాంత్రో అక్కడే పుట్టింది. రెనో, నిస్సాన్ ప్లాంటు 2010లో ఒరగడంలో మొదలైంది. డైమ్లర్ లారీలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లు కూడా ఆ చుట్టుపక్కలే. మరైమలై నగర్ పూర్తిగా వేరే దిక్కు; అక్కడ 2022లో ఫోర్డ్ లైన్ ఆగిపోయింది. కాబట్టి ప్లాంటు ఏ ఊళ్లో ఉందో, కంపెనీ బస్సు ఏ దారిలో తిరుగుతుందో తెలిశాకే రూముకు అడ్వాన్సు ఇవ్వండి. కాజీపేట, వరంగల్‌లలో ఆగే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ తాంబరం దాకా పోతుంది. ఒరగడం వెళ్లేవాళ్లు అక్కడ దిగి పడప్పై మీదుగా బస్సెక్కాలి.

చేతికొచ్చిన ఉద్యోగ కాగితం ఎవరి పేరు మీద ఉందో చూడటం అన్నిటికన్నా ముఖ్యం. అప్రెంటిస్ అయితే 1961 చట్టం కింద ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కావాలి. వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. పీఎఫ్ కట్ కాదు. గడువు ముగిశాక కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. కాగితం మీద కాంట్రాక్టర్ పేరుంటే మీరు ఆయన మనిషి, కంపెనీ మనిషి కాదు. అప్పుడు పీఎఫ్ 12 శాతం, నెల జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ (వైద్య బీమా) 0.75 శాతం కోస్తారు. కోసిన పీఎఫ్ జమ అవుతోందో లేదో పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా చూసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామని పైసలు అడిగితే అక్కడే ఆగిపోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి, జిరాక్సులే ఇవ్వాలి.

మన పిల్లలకు ఎక్కువగా అడ్డం పడేది ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. అలా ఉంటే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కేవైసీ ఆగుతుంది, తర్వాత పీఎఫ్ తీసుకోవడమూ ఆగుతుంది. ఇక్కడున్నప్పుడే మీసేవలోనో ఆధార్ కేంద్రంలోనో రెండూ ఒకేలా చేయించుకోండి. కాంట్రాక్టర్ మారితే పాత యూఏఎన్ నంబరే ఇవ్వాలి, కొత్తది తీయనివ్వొద్దు.

లోపల ప్రెస్, బాడీ, పెయింట్, అసెంబ్లీ అని నాలుగు షాపులు, అంటే విభాగాలు. బాడీ షాపులో స్పాట్ వెల్డింగ్ నిప్పురవ్వలు ఎగురుతాయి. పాలిస్టర్ బనియన్ ఒంటికి కరిగి అంటుకుంటుంది, కాటన్‌దే వేసుకోండి. పెయింట్ షాపుకు సిలికాన్ కలిసిన హెయిర్ సీరం, స్ప్రేలు రాసుకుని పోవద్దు. ఆ తుంపర రేకు మీద పడితే రంగు అక్కడ నిలవక గుంటలు పడతాయి, ఆ ప్యానెల్‌ను మళ్లీ రుద్ది రంగేయాలి. అసెంబ్లీలో ఒక్కో స్టేషన్‌కు దొరికేది నిమిషం అటూ ఇటూ. వీల్ నట్లు వరుసగా కాదు, ఎదురెదురుగా బిగించాలి. లేకపోతే చక్రం హబ్ మీద సమంగా కూర్చోదు. ఒక్క నట్టు తప్పినా లైన్ ఆపేందుకు కట్టిన తాడు లాగి ఆపండి. మాట పడతామని బండిని ముందుకు వదిలేస్తే, ఆ నట్టు రోడ్డు మీద ఊడుతుంది.

మొదటి రెండు మూడు వారాలు మణికట్టు, మడమలు నొప్పెడతాయి. సేఫ్టీ షూ మందం మేజోళ్లతో వేసి చూసి సైజు చెప్పండి. క్యాంటీన్లో ఉప్పుడు బియ్యం అన్నం ఉంటుంది. మన మిల్లుల్లో ఆడించేదే అయినా మన ఇళ్లలో తినం కాబట్టి కొన్నాళ్లు పడుతుంది.

పని మానేస్తే పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీ పడిందో లేదో చూడండి. కాంట్రాక్టర్ వేయకపోతే, చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగి మీరే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు.