సంక్రాంతి బొంత మీద మిషన్ కుట్టు: ముగ్గు ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

సంక్రాంతికి ఇంటికి వచ్చే పిల్లల కోసం ముగ్గు డిజైనుతో బొంత కుట్టాలనుకునేవారు పై బట్టను చక్కగా అతికి, తీరా పై బట్ట, మధ్య పొర, అడుగు బట్ట మూడింటినీ కలిపి మిషన్ మీద కుట్టే దగ్గర ఇబ్బంది పడుతుంటారు. ముడత కనబడగానే దారం బిగువును మార్చే టెన్షన్ మర తిప్పడం కుట్టుపని చేసేవారందరికీ అలవాటు. అయితే బొంత విషయంలో టెన్షన్ వల్ల వచ్చే లోపాలు కొన్నే. మిగిలినవి ముగ్గును కాగితం మీద వేసుకునే తీరులోనూ, పొరలు పరిచే తీరులోనూ పుడతాయి. అందువల్ల ముందు ఆ రెంటినీ, తరువాత మిషన్‌నూ చూద్దాం. కొలతలన్నీ 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న ఒంటిమంచం బొంతకు చెప్పినవి.

సమస్య: కుట్టని చోట బొంత ఉబ్బుతోంది, అంచులు అలలుగా లేస్తున్నాయి

కారణం: మిషన్ కుట్టు వెళ్ళిన ప్రతి చోటా బట్ట కొద్దిగా లోపలికి లాక్కుంటుంది. గీతలు దగ్గర దగ్గరగా ఉన్న చోట ఎక్కువగా, దూరంగా ఉన్న చోట తక్కువగా కుదించుకుపోతుంది. మధ్యలో దట్టమైన మెలికల ముగ్గు వేసి చుట్టూ అంచును ఖాళీగా వదిలేస్తే, మధ్యభాగం చిన్నదై అంచు మాత్రం మొదటి కొలతలోనే మిగిలిపోతుంది. ఆ మిగులే అలలుగా లేస్తుంది. చివర వేసే పైపింగ్‌ను ఎంత లాగి కుట్టినా ఇది సర్దుకోదు.

వాకిట్లో అందంగా కనిపించే ముగ్గు బొంత మీద ఇలా ఎందుకు మొరాయిస్తుందో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. చుట్టూ 10 అంగుళాల అంచు వదిలితే మధ్యలో 40కి 70 అంగుళాల జాగా ఉంటుంది. అందులో 10 అంగుళాల చదరాలు 28 వస్తాయి. ఒక్కో చదరంలో ఎదురు చుక్కలు 9తో మొదలుపెట్టి 1 వచ్చేవరకు, అంగుళానికి ఒక చుక్క చొప్పున పెడితే ముగ్గు డైమండు ఆకారంలో వస్తుంది. నాలుగు మూలలూ ఖాళీగా ఉంటాయి. ఒక్క చదరాన్నే చూసినప్పుడు ఆ ఖాళీ పెద్దదిగా అనిపించదు. కానీ నాలుగు చదరాలు కలిసే చోట నాలుగు మూలలూ చేరి, ముగ్గుతో దాదాపు సమానమైన ఖాళీ డైమండు ఏర్పడుతుంది. అంటే మధ్యభాగంలో దాదాపు సగం కుట్టు లేకుండా మిగిలిపోతుంది. వాకిట్లో అలాంటి ఖాళీ ముగ్గుకు శోభనిస్తుంది గాని, బొంతలో అది దూది కదిలిపోవడానికి జాగా అవుతుంది.

పరిష్కారం: ఆ ఖాళీ డైమండ్లలో చిన్న పద్మమో, 2 అంగుళాల ఎడంతో వాలుగీతలో కుట్టాలి. ఇంతకంటే నేను గట్టిగా సిఫారసు చేసేది చుక్కల అమరికనే మార్చడం. అడ్డంగా 4, నిలువుగా 5 చుక్కలను 2 అంగుళాల ఎడంతో నలుపలకగా పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పితే ముగ్గు 8కి 10 అంగుళాల జాగాలో మూలమూలలకూ నిండుతుంది. 40కి 70 అంగుళాల మధ్యభాగంలో ఇవి అడ్డంగా 5, నిలువుగా 7, మొత్తం 35 సరిగ్గా సరిపోతాయి. ఏ చుక్క చుట్టూ చూసినా ఖాళీ 2 అంగుళాలకు మించదు.

ఈ అమరికలో ఇంకొక లాభం ఉంది. గీత వాలుగా సాగుతూ, మరో గీతను దాటే ప్రతి చోటా నేరుగా వెళ్తూ, అంచుకు చేరినప్పుడే చుక్కను చుట్టి వెనక్కి తిరిగే మామూలు మెలికల ముగ్గులో, అడ్డం చుక్కలకూ నిలువు చుక్కలకూ 1 తప్ప ఉమ్మడి భాజకం లేకపోతే ముగ్గంతా ఒకే గీతతో పూర్తవుతుంది. 4కి 5 పెడితే ఒకే గీత, 4కి 6 పెడితే రెండు గీతలు, 5కి 5 పెడితే ఐదు గీతలు వస్తాయి. మిషన్ మీద దీని విలువ చాలా ఎక్కువ: మొదలుపెట్టిన చోటే ముగుస్తుంది కనుక ముడివేసి లోపలికి దాచవలసిన దారపు కొసలు ఒక్క చోటే ఉంటాయి. బట్ట మీద గీయడానికి ముందు కాగితం మీద వేలు ఎత్తకుండా గీత వెంట పోనిచ్చి చూసుకుంటే, మనకు తెలియకుండానే సూది వెళ్ళవలసిన దారి చేతికి అలవాటవుతుంది.

అంచులోనూ గీతల ఎడం 2 అంగుళాలే ఉండాలి. చెరకు గడల్లాగా నిలువు గీతలు వేసినా, తీగ పాకించినా సరే. రథం, పాలపొంగు కుండ, గాలిపటం వంటి బొమ్మ మధ్యలో పెద్దదిగా కావాలనుకుంటే, బొమ్మ చుట్టూ దాని ఆకారాన్నే అనుసరిస్తూ వరుసగా గీతలు వేయాలి. క్రిస్మస్ నక్షత్రం కుట్టేవారికి కూడా కోణాల మధ్య ఉండే ఖాళీలను నింపే పద్ధతి ఇదే. ఇప్పటికే కుట్టేసి అలలు వచ్చి ఉంటే మధ్యలో కుట్లు విప్పనవసరం లేదు; అంచులో గీతలు పెంచి, బొంతను తడిపి, నేల మీద మూలలు సరిచూసి పరిచి ఆరనిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

సమస్య: అడుగు బట్టలో మడతలు పడి కుట్టులో చిక్కుకుంటున్నాయి

కారణం: మిషన్ పళ్ళు అడుగు బట్టను ముందుకు లాగుతుంటే, పైనున్న ఫుట్ పై బట్టను ఆపి ఉంచుతుంది. పొరలు ఒకదానికొకటి గట్టిగా పట్టి లేకపోతే ఆ తేడా మడతగా మారుతుంది. బొంత బరువు బల్ల మీద నుంచి కిందికి వేలాడినా ఇలాగే జరుగుతుంది.

పరిష్కారం: అడుగు బట్టను నేల మీద తిరగేసి పరిచి, నాలుగు వైపులా టేపుతో అంటించాలి. బిగువుగా ఉండాలి గాని సాగదీయకూడదు. సాగిన బట్ట టేపు తీయగానే వెనక్కి వచ్చి కొత్త ముడతలు తెస్తుంది. దాని మీద మధ్య పొర, ఆపైన పై బట్ట పరిచి, మధ్య నుంచి బయటికి బెత్తెడుకొకటి చొప్పున పిన్నీసులు పెట్టాలి. అరచేయి ఎక్కడ ఆనించినా దాని కింద ఒక పిన్నీసు తగలాలి. తిన్నని గీతలకు వాకింగ్ ఫుట్ వాడితే పై బట్ట కూడా అడుగు బట్టతో సమానంగా కదులుతుంది. మెలికలకు, బట్టను ఎటైనా తిప్పనిచ్చే డార్నింగ్ ఫుట్ పెట్టి, పళ్ళు కిందికి దించాలి. పళ్ళు దిగని పాత మిషన్ అయితే వాటిని కప్పే రేకు వేసుకోవాలి. మొదటి ముగ్గు బొంత నడిమధ్యలో కుట్టి, బయటికి జరుగుతూ రావాలి. మిషన్‌కు ఎడమ పక్కన, వెనుక అదే ఎత్తులో బల్లలు వేసుకుంటే బరువు లాగదు.

అడుగు బట్ట నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువగా, అంటే 68కి 98 అంగుళాలు ఉండాలి. అయిదున్నర మీటర్ల మంగళగిరి నూలు చీర నుంచి 98 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి. పక్కపక్కన కలిపితే వెడల్పు కూడా సరిపోతుంది. అయితే జరీ అంచును ముందే కత్తిరించి తీసేయాలి. జరీ మీద సూది మొన త్వరగా మొద్దుబారుతుంది, దారం తెగుతుంది.

సమస్య: ఉతికాక మధ్య పొర ఉండలు కట్టింది

పరుపుల దుకాణంలో ఏకించి తెచ్చిన విడి దూదిని అలాగే పరిస్తే నీళ్ళు తగలగానే గుంపులుగా చేరుతుంది. దాన్ని పలుచని మల్‌మల్ గుడ్డల మధ్య పరిచి, గీతల ఎడం 2 అంగుళాలు దాటనివ్వకుండా కుట్టాలి. దుకాణంలో దొరికే షీటు పొర వాడేవారు, గీతల మధ్య ఎంత దూరం ఉండవచ్చో దాని అట్ట మీద రాసి ఉంటే చూసుకోవాలి. మన వైపు జనవరి చలికి మందమైన దూది అవసరం లేదు. మెత్తబడిన పాత నూలు చీరలు రెండు మూడు మడతలు వేస్తే చాలు; అవి ఉండ కట్టవు, మిషన్ కింద సులువుగా కదులుతాయి.

సమస్య: అడుగున దారం గూడులా చుట్టుకుంటోంది

లోపం అడుగున కనిపించినా చాలాసార్లు అది పై దారానిదే. ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్ళల మధ్యకు దిగదు. ఫుట్ ఎత్తి మళ్ళీ దారం ఎక్కించాలి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు కొసలనూ వేలితో పట్టుకుని మొదటి కుట్లు వేయాలి. అప్పటికీ తగ్గకపోతేనే బాబిన్ కేసు చూడాలి: దారం కొస పట్టుకుని కేసును వేలాడదీస్తే జారకుండా నిలవాలి, చేతిని చిన్నగా కుదిపితే కొద్దిగా దిగి ఆగాలి. షటిల్ దగ్గర చేరిన నూగును ప్రతి బాబిన్ మార్చినప్పుడూ బ్రష్‌తో తీసేయాలి. బొంత కుట్టేటప్పుడు అది మామూలు కంటే చాలా ఎక్కువగా రాలుతుంది.

తిన్నని చోట కుట్టు బాగుండి, మెలిక తిరిగే చోట మాత్రమే అడుగున కనురెప్పల వెంట్రుకల్లాగా దారాలు కనబడితే, చేతులు మిషన్ వేగాన్ని మించి కదులుతున్నాయని అర్థం. వంపు దగ్గర బట్టను వేగంగా తిప్పడం సహజంగా జరిగే పొరపాటు. మిషన్ వేగం ఒకేలా ఉంచి, చేతులనే నెమ్మదించాలి.

సమస్య: కుట్లు తప్పుతున్నాయి, దారం తెగుతోంది

ముందు సూది మార్చండి. మూడు పొరలకు 14 నంబరు కొత్త సూది సరిపోతుంది. సూదిని పూర్తిగా పైకి తోసి, చదును వైపు మిషన్‌కు తగినట్టుగా తిరిగి ఉందో లేదో చూసి బిగించాలి. దీనితో తీరకపోతే దారం నాసిరకానిదేమో చూడాలి.

సమస్య: గీసిన ముగ్గు పోవడం లేదు

నీటితో పోయే పెన్ను గీతల మీద ఇస్త్రీ పెడితే అవి బట్టలో నిలిచిపోతాయి. కనుక ఉతికేవరకు ఇస్త్రీ తగలనివ్వకూడదు. వేడికి మాయమయ్యే పెన్ను గీతలు చలికి మళ్ళీ కనబడవచ్చు. 35 ముగ్గులూ ఒకే తీరుగా రావాలంటే మగ్గం వర్కు చేసేవారి పద్ధతి మేలైనది. ట్రేసింగ్ పేపరు మీద ముగ్గు గీసి, దారం లేని మిషన్ సూదితో గీత వెంట రంధ్రాలు వేయాలి. తరువాత కాగితాన్ని బట్ట మీద పెట్టి, చాక్ పొడిని చిన్న గుడ్డ మూటలో కట్టి అద్దాలి. వారు వాడే కిరోసిన్ కలిపిన ముద్ద బొంతకు వద్దు, మధ్య పొర దాని వాసనను పట్టుకుంటుంది. పొడి గీతలు చేతి రాపిడికి చెరిగిపోతాయి కాబట్టి ఒకసారికి ఒక ముగ్గే అద్ది, వెంటనే కుట్టాలి.

సమస్య: మొదటి ఉతుకులో ఎరుపు తెలుపుకు అంటింది

విజయవాడ వస్త్రలతలోనో గుంటూరు పట్నంబజారులోనో కొన్న బట్టయినా, పెడన కలంకారీ అయినా, ముదురు రంగు ముక్కలను కత్తిరించడానికి ముందే విడిగా ఉతకాలి. తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు అంటుతుంటే నీళ్ళు తేటపడేవరకు మళ్ళీ మళ్ళీ జాడించాలి. ఉప్పునీళ్ళలో వేస్తే రంగు నిలుస్తుందన్న మాట మీద ఆధారపడవద్దు. కుట్టిన తరువాత రంగు దిగితే బొంతను ఆరనివ్వకూడదు. తడిగా ఉండగానే పెద్ద తొట్టెలో పుష్కలంగా నీళ్ళు పోసి నానబెట్టి, రంగు నీళ్ళు పారబోస్తూ కొత్త నీళ్ళు పోస్తుంటే, అంటిన రంగు చాలావరకు వదులుతుంది. నీళ్ళు తేటగా మిగిలాకే పిండి, నీడలో పరిచి ఆరబెట్టాలి.