రక్షించిన కుక్కను కొత్త ఇంటికి చేర్చే ప్రయాణం: వాలంటీర్లకు సూచనలు

షెల్టర్ నుంచి దత్తత తీసుకునే కుటుంబం దగ్గరికి కుక్కను తీసుకువెళ్ళేటప్పుడు మన భయమంతా రోడ్డు గురించే ఉంటుంది. కాని అంతకంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది బండి ఆగి, తలుపు తెరుచుకునే ఆ కొద్ది క్షణాల్లో. అప్పటికి ఆ కుక్కకు మన గొంతు తెలియదు, పెట్టిన పేరు అలవాటు కాలేదు, దిగిన చోటు ఎరగదు. బెదిరి తప్పించుకున్న కుక్క పిలిస్తే రాదు. కాబట్టి ప్రయాణపు ఏర్పాట్లన్నీ ఆ క్షణాన్ని దృష్టిలో పెట్టుకుని చేయాలి.

బయలుదేరే ముందు పశువైద్యుడి పరీక్ష, టీకాల రికార్డు, ఆరోగ్య ధ్రువపత్రం సిద్ధంగా ఉండాలి. పార్వో వైరస్ (కుక్కలకు తీవ్రమైన వాంతులు, విరేచనాలు తెచ్చే అంటువ్యాధి కారకం) సోకిన తరువాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు, కొన్నిసార్లు 14 రోజుల వరకు పడుతుంది కనుక, ఈ రోజు హుషారుగా కనిపించినంత మాత్రాన కుక్క ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు. కొత్తగా రక్షించిన కుక్కను 2 వారాలు విడిగా ఉంచి గమనించాకే పంపడం మంచిది. 8 వారాలు నిండని కుక్కపిల్లలను తల్లి నుంచి వేరుచేసి పంపకూడదు. దేశ సరిహద్దు దాటవలసి వస్తే ఆ దేశపు నిబంధనలను ముందుగానే చూసుకోవాలి. మొదటిసారి రేబిస్ టీకా వేసిన తరువాత కనీసం 21 రోజులు ఆగాలని చాలా దేశాలు కోరతాయి. మైక్రోచిప్ (చర్మం కింద అమర్చే, గుర్తింపు సంఖ్య ఉన్న చిన్న చిప్) ఉంటే స్కానర్‌తో చదివి, అందులోని సంఖ్యను కాగితాల్లోని సంఖ్యతో సరిపోల్చాలి. ఆ చిప్ పాత యజమాని పేరు మీదే నమోదై ఉంటే కుక్క తప్పిపోయిన రోజున అది మనకు అక్కరకు రాదు. ఫోన్‌కు వెంటనే పలికే వారి వివరాలను ప్రయాణానికి ముందే నమోదు చేయించాలి.

క్రేట్‌లో (కుక్కను ఉంచి తీసుకువెళ్ళే పెట్టెలో) కుక్క తల వంచకుండా నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. బ్రేకు వేసినప్పుడు జరగకుండా క్రేట్‌ను బండికి గట్టిగా కట్టాలి. పరిచయం లేని కుక్కలను ఒకే క్రేట్‌లో ఉంచకూడదు. బయలుదేరడానికి 3, 4 గంటల ముందు కొద్దిగా ఆహారం పెడితే చాలు, నీళ్ళు మాత్రం ఆగిన ప్రతిచోటా ఇవ్వాలి. భయపడుతోంది కదా అని సొంతంగా మత్తుమందు ఇవ్వడం చాలా ప్రమాదకరం, ఎందుకంటే అది రక్తపోటునూ శరీర ఉష్ణోగ్రత నియంత్రణనూ దెబ్బతీస్తుంది. బయట 24 డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉన్నా, ఎండలో మూసి ఉంచిన కారు లోపల 10 నిమిషాల్లోనే దాదాపు 34 డిగ్రీలకు చేరుతుంది. పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టి ముక్కు జాతులు ఆ వేడిని అసలే తట్టుకోలేవు. ఒక్క నిమిషమే కదా అని కుక్కను బండిలో ఒంటరిగా వదిలి వెళ్ళకండి.

దూరం ఎక్కువైతే దారిని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క వాలంటీరు గంట, గంటన్నర దూరం నడిపేలా పంచుకుంటారు. అందరి ఫోన్ నంబర్లు, బండి వివరాలు, కలుసుకునే సమయాలు, ప్రతి కుక్క ఫోటో, స్వభావం ఒకే కాగితం మీద ఉండాలి. మొత్తం ప్రయాణాన్ని ఒకే సమన్వయకర్త చూసుకోవాలి. ఎవరి బండి అయినా దారిలో ఆగిపోతే ఆ రాత్రికి కుక్కకు ఆశ్రయం ఇచ్చే ఇల్లు కూడా ముందే అనుకుని ఉండడం నా దృష్టిలో తప్పనిసరి.

బండి మార్చే చోటు రద్దీకి దూరంగా ఉండాలి, చుట్టూ కంచె ఉంటే మరీ మంచిది. వీలైతే కుక్కను దించకుండా క్రేట్‌తో సహా మార్చండి. దించక తప్పకపోతే, తలుపులు తెరవకముందే లోపలే మెడకు స్లిప్ లీష్ (లాగితే బిగుసుకునే ఉచ్చు తాడు), ఒంటికి తాడు తగిలించిన హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ) వేసి, రెండు తాళ్ళనూ ఇద్దరు మనుషులు విడివిడిగా పట్టుకోవాలి. కొత్త వ్యక్తి తన తాడు తగిలించి, గట్టిగా పట్టుకున్నానని నోటితో చెప్పిన తరువాతే పాత వ్యక్తి తన తాడు విప్పాలి. కుక్క తిరిగి క్రేట్‌లోకి వెళ్ళాక స్లిప్ లీష్ తీసేయాలి. అది ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు ఉరి పడుతుంది. టీకాలు పూర్తికాని కుక్కపిల్లలను ఆగిన చోట్ల నేల మీద అసలు దించకూడదు, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది.

ఒకవేళ కుక్క తప్పించుకుంటే దాని వెంట పరుగెత్తకండి, మనం తరిమేకొద్దీ అది మరింత దూరం వెళ్తుంది. నేల మీద కూర్చుని, దాని వైపు సూటిగా చూడకుండా, మంచి వాసన వచ్చే ఆహారం పెట్టి మెల్లగా పలకరించండి. కనుచూపు దాటిపోతే వెంటనే సమన్వయకర్తకు చెప్పి, అది పడుకున్న గుడ్డనూ క్రేట్‌నూ తప్పించుకున్న చోటే ఉంచి, ఎవరో ఒకరు అక్కడే కనిపెట్టుకుని ఉండాలి.

గమ్యం చేరాక కుక్కను, కాగితాలను, మందులను కుటుంబం చేతికి అప్పగించి, అది దారిలో ఏం తిన్నదో, ఎప్పుడు మలమూత్ర విసర్జన చేసిందో, దేనికి బెదిరిందో వివరంగా చెప్పాలి. మొదటి కొన్ని వారాలు కంచె ఉన్న ఆవరణలో కూడా లీష్ తీయవద్దని తప్పకుండా చెప్పండి. తిరిగి వచ్చాక క్రేట్‌ను ముందు సబ్బుతో కడిగి, 1 వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్ళు కలిపిన ద్రావణంతో 10 నిమిషాలు తడిగా ఉంచి, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన తరువాతే మరో కుక్కకు వాడాలి.