తిరుపతిలో పొలం, విదేశంలో ఇల్లు: వీలునామా రాసి రిజిస్టరు చేయించుకునే విధానం

ఉద్యోగం మీద బయట దేశం పోయి అక్కడ ఇల్లో ఫ్లాటో కొనుక్కున్న తిరుపతి, చిత్తూరు వాళ్ళు ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఎన్ని వీలునామాలు రాయాలన్నది. స్థిరాస్తి ఎన్ని దేశాల్లో ఉంటే అన్ని రాయడమే మంచిది.

స్థిరాస్తికి అది ఉన్న చోటి చట్టమే వర్తిస్తుంది. లండన్ ఇంటి పంపకం అక్కడి చట్టం ప్రకారం, చంద్రగిరి పొలం పంపకం ఇక్కడి చట్టం ప్రకారం జరుగుతుంది. దీనికి తోడు కాగితం చిక్కొకటి ఉంది. ఇంగ్లండులో ప్రొబేట్‌కి (వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణకి) దరఖాస్తు పెడితే అసలు వీలునామా అక్కడి రిజిస్ట్రీకి ఇచ్చేయాలి, అది తిరిగి రాదు. ఇక్కడేమో తహసీల్దారైనా, కోర్టైనా మొదట అడిగేది అసలు పత్రమే. విదేశీ కోర్టులో రుజువైన వీలునామా ధ్రువీకృత నకలుతో ఇక్కడ అనుమతి తెచ్చుకోవడానికి భారత వారసత్వ చట్టం, 1925లోని సెక్షన్ 228 దారి ఇస్తుంది. కానీ దానికి మళ్ళీ కోర్టు మెట్లెక్కాలి. తిరుపతి ఆస్తికి విడిగా వీలునామా ఉంటే ఆ పని తప్పుతుంది. మన వైపు ఆస్తికి ప్రొబేట్ తప్పనిసరి కూడా కాదు.

ఒకటి రెండోదాన్ని చంపేయకుండా

రెండు వీలునామాలు రాసినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఒకే ఒక్క వాక్యం దగ్గర. డాక్యుమెంట్ రైటర్ల దగ్గరుండే నమూనాలో చివర "ఇదే నా కడపటి వీలునామా, ఇంతకు మునుపు రాసినవన్నీ రద్దు" అని ఉంటుంది. దుబాయ్‌లోనో లండన్‌లోనో వీలునామా రాసి, రెండేళ్ళ తర్వాత తిరుపతి వచ్చినప్పుడు ఈ నమూనా మీద సంతకం పెట్టారంటే, అక్కడిది రద్దయిందని వాదించడానికి ఎవరికైనా ఆధారం దొరికినట్టే. అక్కడి లాయరు రాసేదాంట్లోనూ ఇదే మాట ఇంగ్లీషులో ఉంటుంది. దాని బదులు ఇలా రాయించండి:

"ఈ వీలునామా భారతదేశంలో ఉన్న నా ఆస్తికి మాత్రమే వర్తిస్తుంది. భారతదేశంలోని ఆస్తి గురించి ఇంతకు ముందు రాసిన వీలునామాలను మాత్రమే ఇది రద్దు చేస్తుంది. ఇతర దేశాల్లోని ఆస్తి గురించి నేను రాసిన, ఇకమీదట రాయబోయే వీలునామాలకు దీనితో సంబంధం లేదు."

అక్కడి వీలునామాలోనూ దేశం పేరు మార్చి ఇదే అర్థం రావాలి. సంతకానికి ముందే ఇద్దరు లాయర్లకూ రెండు ముసాయిదాలూ చూపించండి.

తిరుపతి వీలునామాలో ఏముండాలి

పేరు దగ్గరే తంటా మొదలవుతుంది. పట్టాదారు పాస్‌పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా వెనకుంటుంది. ఆధార్‌లో మూడో రకం. వీలునామా మొదటి పేరాలోనే మూడూ రాసి, మూడూ ఒకరివేనని చెప్పండి. పాస్‌పోర్టు నంబరు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్ళకిచ్చేది) ఉంటే దాని నంబరు కూడా వేయండి.

జిల్లా పేరు ఇంకో మెలిక. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకు ముందటి దస్తావేజుల్లో రేణిగుంట, ఏర్పేడు, చంద్రగిరి అన్నీ చిత్తూరు జిల్లా కిందే ఉంటాయి. "పూర్వపు చిత్తూరు జిల్లా, ప్రస్తుతం తిరుపతి జిల్లా" అని రాస్తే సరిపోతుంది. పొలానికి సర్వే నంబరు, సబ్‌డివిజన్, ఎకరాలు సెంట్లలో విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఇంటి స్థలాన్ని అంకణాల్లో మాత్రమే రాసి వదిలేయకండి: తిరుపతి అంకణం 36 చదరపు అడుగులైతే నెల్లూరు వైపు 72. చదరపు గజాలు కూడా పక్కన వేయాలి.

స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది ఒక్కో ఆస్తికీ విడివిడిగా చెప్పండి. ఉమ్మడి ఆస్తిలో హిందువు తన వాటాను మాత్రమే వీలునామాగా రాయగలడు, కూతుళ్ళ వాటా అందులో కలవదు. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి రాస్తే చెల్లదు. డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూములు), మఠం భూములైతే ముందు 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూసుకోండి. హక్కు లేని భూమికి వీలునామా హక్కు తెచ్చిపెట్టదు.

స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. వంద రూపాయల స్టాంపు మీద రాస్తేనే చెల్లుతుందన్న నమ్మకం ఊళ్ళల్లో ఇంకా ఉంది, పోనీలెండి, దానివల్ల నష్టం లేదు. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండి తీరాలి. మీరు సంతకం పెట్టడం వాళ్ళు చూడాలి, మీ ఎదుటే వాళ్ళు సంతకం చేయాలి. ఆస్తి తీసుకునేవాళ్ళనూ, వాళ్ళ భర్తనో భార్యనో సాక్షిగా పెట్టకండి. ఇంగ్లండులో అయితే అలాంటి సాక్షికి రాసిన వాటా పోతుంది. ఇక్కడ హిందువుల వీలునామాలో పోకపోయినా, కోర్టులో అనుమానం మొదలయ్యేది అక్కడే. రేపు వివాదం వస్తే సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. అందుకే మీకన్నా చిన్నవాళ్ళు, ఊళ్ళోనే స్థిరపడ్డవాళ్ళు మేలు. గల్ఫ్‌లో మీతో పనిచేసినవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కడుంటారో వెతకడం వారసుల వల్ల కాదు.

రిజిస్ట్రేషన్: రెండు దారులు

చట్టం ప్రకారం వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గడువూ లేదు. అయినా చేయించండి.

సెలవులకు వచ్చినప్పుడైతే నేరుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళండి. ఆస్తి ఏ ఆఫీసు పరిధిలో ఉన్నా ఫర్వాలేదు, వీలునామాను ఎక్కడైనా రిజిస్టరు చేస్తారు. ముందే స్లాట్ తీసుకోండి. అసలు వీలునామా, పాస్‌పోర్టు, ఆధార్ ఉంటే అదీ, ఫొటోలు, సాక్షుల గుర్తింపు కార్డులు పట్టుకెళ్ళాలి. డెబ్బై దాటినవాళ్ళు మానసికంగా బాగున్నారని అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ జతచేస్తే మంచిది. మంచం పట్టిన వాళ్ళుంటే అర్జీ పెట్టి అధికారినే ఇంటికి రప్పించుకోవచ్చు. వివరాలు ఆఫీసులో వీలునామాలకే ఉంచే మూడో పుస్తకంలో ఎక్కుతాయి. రాసినవాళ్ళు బతికుండగా దాని నకలు వాళ్ళకో, వాళ్ళ ఏజెంటుకో తప్ప ఎవరికీ ఇవ్వరు. అన్నదమ్ములకు తెలిసిపోతుందన్న భయం అక్కర్లేదు.

రాలేనివాళ్ళకు రెండో దారి ఉంది, చాలామందికి తెలియదు. మీ తరఫున జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) హోల్డరు వీలునామాను రిజిస్టరు చేయించలేడు. కానీ రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని సెక్షన్ 42 ప్రకారం, సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయడానికి మాత్రం ఏజెంటును పంపవచ్చు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఇది కుదరదు. మీరున్న దేశంలోనే ఇద్దరు సాక్షుల ముందు వీలునామా మీద సంతకం చేసి కవరుకు సీలు వేయండి. కవరు పైన మీ పేరు, ఏజెంటు పేరు, లోపలున్నది వీలునామా అన్న మాట రాయండి. ఏజెంటుకిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ మీద భారత రాయబార కార్యాలయంలోనో, అక్కడి నోటరీ ముందో ధ్రువీకరణ ఉండాలి. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. గడువు దాటిందంటే జరిమానా గొడవ.

కవరు ఫైర్‌ప్రూఫ్ పెట్టెలో ఉంటుంది. మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. మీ తర్వాత ఎవరైనా డెత్ సర్టిఫికెట్‌తో అర్జీ పెడితే వాళ్ళ ఎదుటే తెరిచి, మూడో పుస్తకంలో నకలెక్కించి, అసలును మళ్ళీ పెట్టెలోనే పెడతారు. ఈ పద్ధతిలో లోపమల్లా ఒకటే: అలాంటి కవరు ఉందని ఎవరికీ చెప్పకపోతే అది అక్కడే ఉండిపోతుంది. ఎగ్జిక్యూటర్‌కైనా (వీలునామా అమలు బాధ్యత మీరప్పగించినవాళ్ళకి) రశీదు జిరాక్స్ ఇవ్వండి.

అక్కడి ఆస్తికి అక్కడ

దుబాయ్‌లో ముస్లిమేతరులు డీఐఎఫ్‌సీ (దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం) కోర్టుల వీలునామా విభాగంలో ఇంగ్లీషులోనే రిజిస్టరు చేసుకోవచ్చు. 21 ఏళ్ళు నిండాలి, వీడియోలో హాజరయ్యే వీలూ ఉంది. వీలునామా లేకపోతే 2022 నాటి 41వ ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం సగం జీవిత భాగస్వామికి, మిగతా సగం పిల్లలకు సమానంగా పోతుంది. అమ్మానాన్నలకు ఏమన్నా ఇవ్వాలనుకునేవాళ్ళు రాసి పెట్టుకోవాల్సిందే. మైనరు పిల్లలుంటే గార్డియన్ పేరు మర్చిపోవద్దు.

ఇంగ్లండులోనూ, సింగపూర్‌లోనూ పెళ్ళి చేసుకుంటే అంతకు ముందు రాసిన వీలునామా రద్దవుతుంది. ఇక్కడ హిందువులకు అలా కాదు, క్రైస్తవులకు మాత్రం రద్దవుతుంది. సింగపూర్ సీపీఎఫ్ (అక్కడి ప్రావిడెంట్ ఫండ్) సొమ్ము, అమెరికా 401కే (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) ఖాతా వీలునామా ద్వారా పోవు. నామినేషన్‌లో ఉన్న పేరుకే వెళ్తాయి. మన దగ్గర నామినీ అంటే వారసుల తరఫున సొమ్ము తీసుకునేవాడే గదా అన్న లెక్క అక్కడ పనికిరాదు. విడాకులైనా పాత భార్య పేరు ఫారంలో అలాగే వదిలేసినవాళ్ళ ఇళ్ళల్లో గొడవలు ఇక్కడినుంచే వస్తాయి.

అమెరికా నుంచి తిరిగొచ్చేసి, అక్కడ ఇల్లూ షేర్లూ అలాగే ఉంచుకున్నవాళ్ళు ఇది చూసుకోవాలి: అక్కడి పౌరసత్వం, స్థిరనివాసం లేనివాళ్ళకు ఎస్టేట్ పన్ను మినహాయింపు 60,000 డాలర్లే. ఆ పైన 40 శాతం దాకా పోవచ్చు. మరణించిన తొమ్మిది నెలల్లో ఫారం 706-ఎన్ఏ వేయాలి. మన దగ్గర ఎస్టేట్ సుంకం 1985లోనే ఎత్తేశారు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఈ ఆలోచన రాదు.

ఇక ఇక్కడున్న వారసులు. విదేశంలో మరణిస్తే అక్కడి డెత్ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) గానీ రాయబార కార్యాలయం ధ్రువీకరణ గానీ చేయించి పంపాలి, లేకపోతే మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) అర్జీ ఆగిపోతుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న పిల్లలు వ్యవసాయ భూమి కొనలేరు గానీ వారసత్వంగా తీసుకోవచ్చు. అమ్మితే ఇక్కడ నివసించే భారత పౌరులకే అమ్మాలి. ఆ డబ్బు ఎన్ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. తిరుపతిలో ఉండే కూతురికి దుబాయ్ ఫ్లాటు వస్తే, అద్దె రాకపోయినా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపాలి. చూపకపోతే జరిమానా 10 లక్షల రూపాయలు.