అంతర్జాతీయ చట్టం (ఇంటర్నేషనల్ లా) పేపర్: మొదలు ఎక్కడ పెట్టాలి

నల్లగొండ, పాలమూరు నుంచి ఎల్‌ఎల్‌బీకి వచ్చే తెలుగు మీడియం విద్యార్థులు తడబడేది ఒక్క మాట దగ్గర: 'స్టేట్'. ఈ పేపర్లో అది రాజ్యం, రాష్ట్రం కాదు. నాగార్జునసాగర్ నీళ్ల పంచాయితీని ఉదాహరణగా రాశారంటే మార్కులు పోయినట్టే. అది రెండు రాష్ట్రాల గొడవ, 1956 చట్టం కింద ట్రిబ్యునల్‌కు పోతుంది. 1960 సింధు జలాల ఒప్పందం రాయండి.

తర్వాత గైడ్ పక్కన పెట్టి అంతర్జాతీయ న్యాయస్థానం శాసనం (స్టాట్యూట్)లో 38వ ఆర్టికల్ తెరవండి. చిన్నదే, నోటికి రావాలి. ఒప్పందాలు, ఆచారం, సాధారణ న్యాయసూత్రాలు అసలు మూలాలు. తీర్పులు, పండితుల రచనలు తోడు మాత్రమే. తీర్పు ఆ కేసులోని పక్షాలకే వర్తిస్తుందని 59వ ఆర్టికల్ చెబుతుంది. మన సుప్రీంకోర్టు తీర్పు కింది కోర్టులన్నిటికీ వర్తిస్తుంది, ఆ అలవాటుతో ఇక్కడ రాస్తే తప్పవుతుంది.

ఎక్కువ రోజులు ఆచారానికివ్వండి. రాజ్యాలు చేస్తూ రావడం ఒక్కటే చాలదు, చట్టమని నమ్మి చేయాలి. ఇదే న్యాయస్థానం ఇచ్చిన 1969 నార్త్ సీ కాంటినెంటల్ షెల్ఫ్ తీర్పులో 77వ పేరా చూడండి. దానికి జతగా పోర్చుగల్, భారత్ మధ్య 1960 దారి హక్కు తీర్పు చదవండి: రెండు రాజ్యాల మధ్యే ఆచారం ఏర్పడింది. భారత భూభాగం మీదుగా పోర్చుగల్ సాధారణ ప్రజలకు, పౌర అధికారులకు, సరుకులకు దారి హక్కు ఉందన్నారు; సైన్యానికి, ఆయుధాలకు లేదన్నారు. ఈ తేడా రాసిన జవాబు వేరేగా కనబడుతుంది.