రోటరీ విమాన ఇంజిన్‌లో ఆయిల్ ఫిల్టర్, బైపాస్ వాల్వ్ సంగతి ఎలా చూసుకోవాలి?

రోటరీ అనగానే మొదటి ప్రపంచ యుద్ధం నాటి నోమ్, ల రోన్ ఇంజిన్లు గుర్తొస్తే, అవి వేరు. వాటిలో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరిగేవి, పోసిన ఆముదం ఒకసారి పని చేసి పొగతో పాటు బయటికి పోయేది, అందులో కొంత పైలట్ మొహాన కూడా పడేది. ఇక్కడ మాట్లాడేది వాంకెల్ రకం గురించి, అంటే పిస్టన్ల బదులు రోటర్ అనే మూడు మూలల దిమ్మ తిరిగే ఇంజిన్, అందులోనూ మాజ్డా 13బి గురించి. ఆర్ఎక్స్-7 కార్లలో వచ్చిన ఈ 1308 సీసీ, రెండు రోటర్ల ఇంజిన్‌కి గేర్‌బాక్స్ తగిలించి, అమెరికాలో సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్లు కొందరు ఎగురుతుంటారు.

దీంట్లో ఆయిల్‌కి రెండు ఉద్యోగాలు. బేరింగ్‌లని తడపడం ఒకటి, రోటర్ లోపలికి చిమ్మి దాన్ని చల్లబరచడం రెండోది. ఇంజిన్ వదిలించుకునే వేడిలో రమారమి మూడో వంతు ఆయిల్ ద్వారానే పోతుంది. అందుకే ఆయిల్ మురికిగా ఉంటే ఇంజిన్ మెల్లగా అరుగుతుంది, అసలు ఆయిలే రాకపోతే నిమిషాల్లో పోతుంది. బైపాస్ వాల్వ్ పెట్టింది ఈ లెక్క చూసుకునే. చలికి ఆయిల్ చిక్కబడినా, ఫిల్టర్ కాగితం మూసుకుపోయినా, ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెషర్‌లో తేడా పెరిగి స్ప్రింగ్‌ని తోస్తుంది, ఆయిల్ వడకట్టకుండానే పక్క దారిన వెళ్లిపోతుంది. కారు ఫిల్టర్లలో వాల్వ్ తెరుచుకునే తేడా మామూలుగా 8 నుంచి 16 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) మధ్య ఉంటుంది. "మురికి ఆయిల్ ఇంజిన్‌లోకి పోవడం ఎందుకు" అని ఆ దారి మూసేయాలని మాత్రం అనుకోకండి. అలా మూస్తే కాగితం చిరిగి ముక్కలు బేరింగ్‌లకి పోతాయి, లేదా ఆయిల్ ఆగిపోతుంది.

దీన్ని ప్రెషర్ రెగ్యులేటర్‌తో కలిపేయొద్దు, చాలామంది కలిపేస్తారు. రెగ్యులేటర్ ఎక్కువైన ఆయిల్‌ని తిరిగి సంప్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి వదులుతుంది, అది ఇంజిన్ మొత్తం ప్రెషర్‌ని అదుపు చేసేది. బైపాస్‌కి ఫిల్టర్ చుట్టూ ఉన్న తేడా తప్ప ఇంకేం పట్టదు. గేజ్‌లో ప్రెషర్ తక్కువగా కనిపిస్తే బైపాస్ స్ప్రింగ్ బిగించి లాభం లేదు.

1. బైపాస్ ఎక్కడుందో కనుక్కోండి. కొన్నిసార్లు ఫిల్టర్ డబ్బాలోనే ఉంటుంది, కొన్నిసార్లు ఫిల్టర్ బిగించే దిమ్మలో. చోటు చాలక ఫిల్టర్‌ని ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీదికి మార్చినప్పుడే ఎక్కువ తేడా వస్తుంది: కొత్త దిమ్మలో వాల్వ్ ఉండదు, కొన్న ఫిల్టర్‌లోనూ ఉండదు, ఆ సంగతి ఎవరూ చూడరు. రెండిటిలో ఒకదాంట్లో ఉందని కళ్లతో చూసి గానీ ముందుకెళ్లకండి.

2. మరలు సరిచూడండి. 20 మిల్లీమీటర్ల మరకీ, 19.05 మిల్లీమీటర్లుండే ముప్పావు అంగుళం మరకీ కంటికి తేడా తెలియదు. పెద్ద మర ఉన్న ఫిల్టర్ దిమ్మ మీది చిన్న మర గొట్టానికి వదులుగా ఎక్కి, బిగిసినట్టే అనిపించి, ప్రెషర్ రాగానే ఊడొచ్చు.

3. హోస్ పైపులు తారుమారు కాకుండా చూడండి. మామూలు తిప్పుడు ఫిల్టర్‌లో ఆయిల్ అంచున ఉన్న చిన్న చిల్లుల్లోంచి లోపలికి వెళ్లి, మధ్యలో ఉన్న పెద్ద కంతలోంచి బయటికొస్తుంది. తిరగేసి కలిపితే, ఆయిల్ వెనక్కి జారకుండా పెట్టిన రబ్బరు వాల్వే అడ్డం పడుతుంది. పైపుల మీద పెయింట్‌తో బాణం గుర్తు వేసుకోవడం మంచి అలవాటు.

4. వీలైతే ఫిల్టర్‌కి ముందొకటి, తర్వాతొకటి ప్రెషర్ సెన్సర్లు పెట్టండి. నా దృష్టిలో ఈ ఖర్చు దండగ కాదు, ఎందుకంటే బైపాస్ తెరుచుకుంటే మామూలు గేజ్ మీకేమీ చెప్పదు. చలిలో స్టార్ట్ చేయగానే తేడా ఎక్కువుంటే కంగారు పడక్కర్లేదు, ఆయిల్ వేడెక్కేదాకా ఆర్పీఎం పెంచకుండా ఆగండి. బాగా వేడెక్కి క్రూజ్‌లో (నిలకడగా ఎగురుతూ) ఉన్నప్పుడు కూడా ఆ తేడా బైపాస్ తెరుచుకునే అంకెకి దగ్గరపడుతుంటే ఫిల్టర్ మూసుకుపోతోందన్నమాట.

5. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టర్‌ని కోసి చూడండి. హ్యాక్సాతో వద్దు, దాని ఇనప రజనే లోపల పడి మిమ్మల్ని భయపెడుతుంది. డబ్బా మూత కోసే రకం ఫిల్టర్ కట్టర్ దొరుకుతుంది. కాగితం మడతలు కత్తిరించి, పిండి, తెల్లటి గుడ్డ మీద పరిచి, ఎండలో చూడండి, అయస్కాంతం తిప్పండి. బైపాస్ డబ్బాలోనే ఉంటే పుల్లతో నొక్కండి, సాఫీగా వెళ్లి తిరిగి రావాలి.

కనిపించినదాన్ని చదవడంలో పిస్టన్ ఇంజిన్ లెక్కలు ఇక్కడ పనికిరావు, దీనికి పిస్టన్లూ లేవు, క్యామ్‌షాఫ్టూ లేదు. అయస్కాంతానికి అంటుకునేవి గేర్ల నుంచో, ఆయిల్ పంపు నుంచో, సైడ్ హౌసింగ్‌ల (రోటర్‌కి రెండు పక్కలా ఉండే పలకల) పోత ఇనుము నుంచో వచ్చుండొచ్చు. అంటుకోకుండా మెత్తగా మెరిసే రేకుల్లాంటివైతే బేరింగ్‌ని అనుమానించండి. నల్లటి కార్బన్ కొంచెం మామూలే. రబ్బరులా సాగే ముక్కలైతే తరచూ ఇంజిన్ తప్పు కాదు, జోడించినవాళ్లు సిలికాన్ గమ్ము ధారాళంగా పూసి ఉండొచ్చు. అయితే అవే ముక్కలు బైపాస్ కింద ఇరుక్కుంటే వాల్వ్ మూసుకోదు, కాబట్టి తేలిగ్గా తీసుకోకండి.

ఇంకో మాట, ఎపెక్స్ సీల్స్ (రోటర్ మూలల్లో గ్యాస్ లీకవకుండా ఉండే పట్టీలు) అరిగిన పొడి చాలావరకు ఎగ్జాస్ట్‌లోంచి పోతుంది. ఫిల్టర్ శుభ్రంగా ఉందంటే సీల్స్ బాగున్నాయని కాదు, దానికి కంప్రెషన్ పరీక్షే దిక్కు.

లోహం చెప్పుకోదగ్గంత కనిపిస్తే ఎగరకండి. ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసినవాళ్లతో చూపించుకోండి.

6. కొత్తది బిగించే ముందు పాత గ్యాస్కెట్ దిమ్మకే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడండి. దాని మీద రెండోది పడితే ఆయిలంతా నేలపాలు. ఎంత బిగించాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. విమాన ఫిల్టర్లకి సేఫ్టీ వైరు (అదురుకి వదులవకుండా కట్టే తీగ) కట్టే చోటు ఉంటుంది, కారు ఫిల్టర్లకి ఉండదు, అందుకని డబ్బా చుట్టూ క్లాంప్ వేసి దానికి వైరు కడతారు.

7. ఇగ్నిషన్, ఇంజెక్టర్లు ఆపేసి, ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్‌తో కాసేపు కాసేపు ఆపుతూ తిప్పండి. తర్వాత స్టార్ట్ చేసి, ఆపి, టార్చి వేసి లీకులు చూసి, ఆయిల్ మట్టం మళ్లీ కొలవండి. కొత్త ఫిల్టర్ తన వాటా ఆయిల్ తాగేసి ఉంటుంది, ఆ మేరకు పోయాలి.